మంగళవారపు కిస్తు

నా డబ్బు, ఆమె డబ్బు అనే విభజన మా దాంపత్యంలో ఎన్నడూ లేదు. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో జీతం తెచ్చి నా భార్య చేతిలో పెట్టేవాణ్ణి. ఆమె దానిని పప్పుల డబ్బాల వెనుక ఒక ఇత్తడి గిన్నెలో దాచేది. నాకు బస్సు ఛార్జీ కావలసివస్తే ఆ గిన్నెనే ఆశ్రయించేవాణ్ణి. ఆమెకు గాజులు కావలసివచ్చినా ఆ గిన్నెయే గతి. కాలక్రమాన గిన్నె స్థానాన్ని బ్యాంకు ఆక్రమించింది. ఇద్దరి పేర్లతో ఉమ్మడి ఖాతా వెలసింది. పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పొట్టపోసుకున్నవాణ్ణి గనుక, ఆ ఖాతా పుస్తకం మీద మా పేర్లు పక్కపక్కన చూచినప్పుడల్లా నాకు ద్వంద్వ సమాసం గుర్తుకు వచ్చేది. ఉభయ పదాలకూ సమాన ప్రాధాన్యం. ఒకటి లేక రెండవది పూర్తి కాదు. ఆ అందమే చాలా కాలం తరువాత మా కొంప ముంచబోతున్నదని అప్పట్లో నాకేం తెలుసు?

నారాయణఖేడ్‌లో మా ఇల్లు చిన్నది. పుస్తకాలు పెరుగుతూ పోయి మనుషులకు చోటు తగ్గడంతో, పదవీ విరమణకు ముందు మిద్దె మీద ఒక గది వేయించాలనుకున్నాము. బ్యాంకుకు వెళితే, భార్యాభర్తలిద్దరి పేరిటా తీసుకుంటే ఋణం సులభంగా వస్తుందన్నారు. మా ఆవిడను ఉద్దేశించి ‘కో-అప్లికెంట్’ అనే మాట వాడారు. నేను ఆ మాటను నా అలవాటు కొద్దీ వెంటనే ‘సహ ఋణగ్రహీత’ అని తెనిగించుకున్నాను. అందులో తెలుగెక్కడున్నదని మీరడిగితే నా దగ్గర సమాధానం లేదు. కాని ఆ ‘సహ’ నన్ను ముగ్ధుణ్ణి చేసింది. సహధర్మం, సహపంక్తి, సహజీవనం. ఇన్ని ఉండగా సహ ఋణం మాత్రం ఉండకూడదా? మా ఆవిడ నేను చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. గది లేచింది. పుస్తకాలు మెట్లెక్కాయి.

అప్పుడే ఆమె ఒక నియమం విధించింది. వాళ్ల నాన్న మార్కెట్టులో కమీషను మీద ధాన్యం అమ్మిపెట్టే అడితి నడిపినవాడు. అప్పు తీర్చడమంటూ జరిగితే అది మంగళవారమే జరగాలని ఆయన నమ్మకం. మంగళవారం గడప దాటిన అప్పు తిరిగి చూడదట. తక్కిన వారాల్లో తీర్చిన అప్పు తన చుట్టాన్ని వెంటబెట్టుకొని మళ్లీ వస్తుందట.

“కిస్తు మంగళారం నాడే కట్టు. ఇంగొక దినం కట్టకు,” అన్నది ఆమె.

నేను శిరసావహించాను. ఖాతాలోంచి బ్యాంకు తనంతట తాను డబ్బు లాక్కుపోయే సౌకర్యం ఒకటి ఉన్నదని వాళ్లు చెప్పారు గాని, అడగకుండా నా జేబులో చేయి పెట్టడం నాకు నచ్చలేదు. జీతమూ, విరమణ తరువాత పింఛనూ వేరొక బ్యాంకులో పడేవి. అక్కడ డబ్బు తీసుకొని, శుభ్రమైన చొక్కా వేసుకొని, మంగళవారం ఉదయం వెళ్లి కిటికీ దగ్గర కట్టి రసీదు తెచ్చుకునేవాణ్ణి. నెలాఖరుకు గడువు. గడువు వచ్చిన పిదప వచ్చే మంగళవారం నాది. మధ్యలో బ్యాంకు నుంచి ఎవరైనా ఫోను చేస్తే, “మంగళవారం కడతాను” అని చెప్పేవాణ్ణి, చెప్పినట్టే కట్టేవాణ్ణి. రసీదులో చిల్లరగా ఏదో అదనపు రుసుము పడుతూ వచ్చింది. కిటికీ దగ్గర మనిషిని కూర్చోబెట్టినందుకు వేసే ఖర్చు కాబోలు అనుకున్నాను. ఇట్లా సంవత్సరాలు సుఖంగా గడిచాయి.

ఇక అసలు కథ మా ఆవిడ చేతి రొట్టెలది.

మా ప్రాంతంలో జొన్నరొట్టె చేయడం రాని ఇల్లాలు అరుదు. అయినా మా ఆవిడ రొట్టెకు ఒక ప్రత్యేకత ఉన్నది. పెనం మీద వేయగానే అది పూరీలా పొంగి, దించిన తరువాత కూడా సాయంత్రం దాకా మెత్తగా ఉంటుంది. పక్కింటావిడ మిషను దవాఖానలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న క్రైస్తవురాలు. ఆమె రోజూ పొద్దున గోడ మీదుగా పళ్లెం చాచేది. ఒకనాడు ఆమే అన్నది:

“వదినా, గీ రొట్టెలు డిపో కాడ పెడితే డ్రైవర్లు బస్సులు ఇడిసి నీ దుకాణంల కూసుంటరు.”

“కూసుంటె ప్రయాణికులు నన్ను తిడ్తరు,” అన్నది మా ఆవిడ. కాని ఆ మాట ఆమెలో నాటుకున్నది.

బస్సు డిపో ఎదుట ఒక షట్టరు ఖాళీగా ఉన్నది. మనూర్ వైపు పల్లెల నుంచి కచేరీ పనుల మీద వచ్చే రైతులు, కాలేజీ పిల్లలు, డ్రైవర్లు, కండక్టర్లు అందరూ దాని ముందునుంచే నడుస్తారు. ఆమె అక్కడ నిలబడి వచ్చేపోయే జనాన్ని పరిశీలించి వచ్చింది. పెద్ద పెనాలు రెండు, గ్యాసు పొయ్యిలు, జొన్నలు విసరడానికి చిన్న గిర్ని, షట్టరుకు అడ్వాన్సు. ఏమేమి కావాలో నాకు ఏకరువు పెట్టింది. దాచిన డబ్బులోంచి తీసుకుందామన్నాను.

“అది మన ముసలితనానికి.”

“ఇప్పుడున్నది ఏమిటనుకుంటున్నావు?”

“నీకు వచ్చింది. నాకింక రాలె,” అన్నది. తరువాత కొంచెం గంభీరంగా, “గిది నా పని. నా పేరు మీద అప్పు తెచ్చి, నేనే కడ్త. ఇన్నేండ్లల నా ఒక్క పేరు మీద ఏమన్న ఉన్నదా చెప్పు?” అని అడిగింది.

ఆలోచించి చూచాను. రేషను కార్డు ఒక్కటే కనిపించింది.

బ్యాంకులో ఋణాలు చూచే అధికారిణి బీదరు వైపు నుంచి వచ్చిన యువతి. మా తెలుగు చక్కగా పట్టుకున్నది గాని, తొందరలో ఉన్నప్పుడు ‘చూడండి’ అనడానికి బదులు కన్నడంలో ‘నోడి’ అనేస్తుంది. మా ఆవిడ తన కాగితాలన్నీ ఆమె ముందు పెట్టి, కొత్త చీర కొంగు సవరించుకొని కూర్చున్నది. ఆ అమ్మాయి కంప్యూటరులో ఏవేవో నొక్కి, తెర వంక చూచి, మళ్లీ మా ఆవిడ వంక చూచింది.

“అమ్మా, మీ స్కోరు శాన తక్కువ ఉంది. ఈ లోను ఇప్పుడు రాదు.”

“స్కోరంటే ఏంది బిడ్డా?”

“అప్పు ఎట్ల కట్టిన్రో చెప్పే మార్కులమ్మా.”

మా ఆవిడ నవ్వింది. “నేనెన్నడు అప్పే తీసుకోలె. పరీక్షనే రాయనిదానికి మార్కులేంది?”

“తీసుకున్నరమ్మా. నోడి, మిద్దె లోను. మీ ఇద్దరి పేరు మీద ఉంది.”

నేను కలుగజేసుకోక తప్పలేదు. “అమ్మాయీ, ఆ ఋణంలో ఒక్క రూపాయి ఎగవేసింది లేదు. ప్రతి నెలా స్వయంగా వచ్చి కడుతున్నాను.”

“కడుతున్నరు సార్. కని ఎప్పుడు చూసినా లేటు.”

“లేటు కాదమ్మా. మంగళవారం.”

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూచింది. పాపం, ఆమె చదివిన బ్యాంకింగు పాఠాల్లో ఈ అధ్యాయం ఉండి ఉండదు. నేను అడితి మామగారి సిద్ధాంతాన్ని సవివరంగా చెప్పాను. ఆమె కలం మూత నోట్లో పెట్టుకొని శ్రద్ధగా విన్నది. నవ్వు ఆపుకోవడానికే ఆ మూత అని నాకు తరువాత తట్టింది.

“సార్, గడువు దాటినాక ఒక్క దినమైనా అది లేటే. అది మీ పేరు మీద ఎక్కుతది, అమ్మ పేరు మీద కూడా ఎక్కుతది. ఇద్దరిదీ ఒక్కటే లోను కద.”

“మాకు ఉమ్మడి ఖాతా ఉన్నందుకా?”

“ఖాతాతోని ఏం కాదు సార్. పెండ్లి అయినందుకు కూడా కాదు. ఎవరి స్కోరు వాళ్లదే. కలిసి అప్పు తీసుకుంటే మాత్రం దాని మంచి ఇద్దరికి, చెడు ఇద్దరికి.”

“అయితే నా స్కోరూ ఇంతేనా?”

ఆమె మళ్లీ నొక్కింది. “మీది కొంచెం నయమే సార్. ఎన్కట స్కూటర్ లోను మంచిగ కట్టిన్రు.”

ఆ స్కూటరు అప్పును జీతంలోంచి కార్యాలయం వారే నెలనెలా కోసుకున్నారు. అందులో నా వివేకానికి ఎక్కడా చోటు లేకపోవడమే దాని అదృష్టం. మా ఆవిడ పేరు మీద మాత్రం ఈ మిద్దె గది ఒక్కటే ఉన్నది గనుక, ఆమె చరిత్ర అంతా నా మంగళవారాలే. ఆ విషయం నాకంటె ముందు ఆమెకు అర్థమైంది. కుర్చీలో నా వైపు తిరిగింది.

“నెలనెలా గడువు దాటినంక కట్టినవా?”

“మంగళవారమే కట్టాలన్నది నువ్వే గదా.”

“మంగళారం అన్న. గడువు దాటినంక వచ్చే మంగళారం అన్ననా?”

“గడువు రాకముందే కట్టడమేమిటి? ఋణం పరిపక్వం కావద్దూ?”

“పరిపక్వం కానీకి అదేమన్న సీతాఫలమా? గడువు ముంగట మంగళారమే లేదా? పంచాంగం అంత తిరగేస్తవు, గది కనబడలేదా సారూ?”

ఆమె నన్ను ‘సారూ’ అన్నదంటే నా పరిస్థితి బాగాలేదని అర్థం. మా వెనుక వరుసలో నిలబడ్డవాళ్లు తమ పనులు మరచి మా వైపు చెవులు పెట్టారు. ‘మంగళవారము నాడే’ అనే ఆమె మూలవాక్యంలో ‘గడువునకు ముందు’ అన్న విశేషణం లేదనీ, లేని విశేషణాన్ని చొప్పించడం వ్యాఖ్యాతకు ధర్మం కాదనీ వాదించాలని నాకు నాలుక దాకా వచ్చింది. ఆమె ముఖం చూచి మింగేశాను. కోపం కాదు ఆ ముఖంలో ఉన్నది. ఎన్నడూ చేయి చాచని మనిషికి, నువ్వు సరిగా తీర్చేదానివి కావు అని నలుగురిలో చెప్పినప్పుడు కలిగే అవమానం. కాగితాలు ఒక్కొక్కటిగా సర్దుకొని సంచిలో పెట్టుకున్నది.

“మళ్లీ ఎప్పుడు రావాలె బిడ్డా?”

“సంవత్సరమన్న టైముకు కట్టుకుంట పోండమ్మా. మెల్లగ పెరుగుతది.”

ఇంటికి నడిచి వచ్చాము. ఆమె ముందు, నేను వెనుక. చౌరస్తా దాటిన తరువాత ఒకే ఒక మాట అన్నది. “నీకు నాకంటె ఎక్కువ మార్కులట. సంబురమేనా?”

ఆ సాయంత్రం పక్కింటి నర్సమ్మ గోడ మీదుగా సమాచారమంతా రాబట్టి, కడుపు పట్టుకొని నవ్వింది. “అన్నా, మాకు చర్చికి పోయే ఆదివారం ఒక్కటే. ఆ దినం బ్యాంకే బందుంటది, ఏ పరేషాన్ లేదు. మీకేమో వారంల ఒక్క దినమే తెరిసుంటదాయె!”

నవ్వడం అయిన తరువాత, ఆమె మనస్ఫూర్తిగా ఒక మాట చెప్పింది. తన పేరు మీద ఏ మచ్చా లేదు. అప్పు తాను తీసుకుంటుంది, మా ఆవిడ కట్టుకుంటూ పోవచ్చు. షట్టరు చేయిజారకుండా ఉంటుంది. నాకు అది దివ్యంగా తోచింది. మా ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“వద్దు వదినా. పేరు నీది, కట్టుడు నాది అయితె రేపు మాట పడేది నువ్వు. ఒకల పేరు ఇంగొకల చేతుల పెడితె ఏమైతదో ఇయ్యాల్నే చూసొచ్చిన.”

నర్సమ్మ ఎంత బతిమాలినా ఆ మాట మీదనే ఉన్నది. షట్టరు యజమాని కొన్నాళ్లు ఆగి, దాన్ని సెల్‌ఫోన్ల తొడుగులు అమ్మేవాళ్లకు ఇచ్చేశాడు. ఆ తరువాత చాలా రోజులు కూరగాయలకు వెళ్లినప్పుడు మా ఆవిడ డిపో దారి వదిలి చుట్టు తిరిగి వచ్చేది.

అప్పటి నుంచి నా కిస్తు గడువుకు ముందున్న మంగళవారానికి జరిగింది. శాస్త్రమూ చెడలేదు, బ్యాంకూ నొచ్చుకోలేదు. ఇంత తేలికైన సమన్వయం అన్ని సంవత్సరాలు నాకు తట్టకపోవడానికి కారణం వెదికితే ఒకటే కనిపిస్తుంది: అప్పిచ్చినవాడు గుమ్మంలోకి రాకముందే ఎదురు వెళ్లి చెల్లించడమన్నది నేను చూచిన లోకంలో లేదు. కిటికీ దగ్గర కూర్చునే అతను మొదటి నెల నన్ను చూచి, “సార్, ఇంక టైమున్నది గద?” అని ఆశ్చర్యపోయాడు. రసీదులో చిల్లర రుసుము మాయమైంది. ఇంటికి రాగానే మా ఆవిడ రసీదు తీసుకొని తేదీ చూచి, తల పంకించి, అప్పుడు గాని నాకు చాయ ఇచ్చేది కాదు. ఒకానొక నెలలో నాకు జ్వరం తగిలితే మంగళవారం ఉదయాన తానే చెప్పులు వేసుకొని బయలుదేరింది. తిరిగి వచ్చి, “నువ్వు లేకపోయినా తీసుకుంటున్నరు,” అని నాకొక కొత్త విషయం చెప్పింది.

మధ్యలో రొట్టెలు ఆగలేదు. పెళ్లికో, బోరంచ పోచమ్మ దగ్గర మొక్కు తీర్చుకొని బంధువులకు భోజనాలు పెట్టేవాళ్లకో, అడిగితే ఇంటి పొయ్యి మీదనే చేసి పంపేది. నేను పిండి జల్లించేవాణ్ణి. ప్రాచీన కవులు కీర్తిని వెన్నెలతో పోల్చారు. అపకీర్తిని చీకటితో పోల్చారు. భార్య కీర్తిలో భర్త అపకీర్తి కలిసిపోతే ఏ రంగు వస్తుందో ఎవరూ వర్ణించలేదు. జల్లెడ ఊపుతూ ఆ లోటు గురించి ఆలోచించేవాణ్ణి. పిండి నా కళ్లజోడు మీద పడేది.

మరుసటి ఏడు, తొలకరి వచ్చే రోజుల్లో, మళ్లీ బ్యాంకుకు వెళ్లాము. అదే అమ్మాయి, అదే తెర. మా ఆవిడ కుర్చీ అంచున కూర్చున్నది. ఈసారి కొత్త చీర కట్టుకోలేదు.

“పెరిగిందమ్మా! శాన పెరిగింది. ఇప్పుడు లోను వస్తది.”

మా ఆవిడ కొంగుతో మెడ తుడుచుకున్నది.

“మీ ఒక్కరికైతే కొంచెమే వస్తదమ్మా. సార్‌ను కూడా కలుపుకుంటే డబుల్ ఇయ్యొచ్చు. ఆయనకు పింఛను ఉంది కద.”

డబుల్ అంటే డిపో ముందరే ఇంకొక షట్టరు, గిర్ని, అన్నీ. కొంచెమే అంటే డిపో వెనుక సందులో అర షట్టరు, పెనం ఒకటి. ఈ లెక్క మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నేను గొంతు సవరించుకొని, జేబులోంచి కలం తీసి, సహ ఋణగ్రహీతనయ్యేందుకు రెండవమారు సిద్ధపడ్డాను. ఆమె నా కలం వంక చూచింది.

“వద్దు బిడ్డా. నా ఒక్కదానికే ఇయ్యి. కొంచెమైనా మంచిదే.”

నాకు చివుక్కుమన్న మాట నిజం. “ఎందుకు? నా మంగళవారాలు బాగుపడ్డాయి గదా,” అన్నాను.

“నీ మీద కోపంతోని కాదయ్యా,” అన్నది ఆమె, గొంతు తగ్గించి. “దుకాణం నడుస్తదో నడువదో ఎవరికెరుక? నడువకపోతె నా ఒక్క పేరే ఖరాబ్ గావాలె. నీది మంచిగుంటె రేపు ఎవరికన్న పానం బాగలేకపోయినా, దవాఖాన కర్సుకు అప్పు పుడ్తది. ఇద్దరం ఒక్క గుంతల్నే పడితె తీసేటోడెవడు?”

ఆ అమ్మాయి తన పని ఆపి మా ఆవిడ వంక చూచింది. నేను కలం మూత బిగించాను. నాలుగు దశాబ్దాలకు పైగా మా ద్వంద్వ సమాసాన్ని చూచి నేను మురిసిపోతూ ఉన్నాను. రెండు పదాలను విడదీసి వేరువేరుగా నిలబెట్టడంలో కూడా ప్రేమ ఉండవచ్చునని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు.

“కిస్తు మీ ఖాతాలకెంచి ఆటోమేటిక్ కట్ చేసుకోమంటరా అమ్మా, లేక వచ్చి కడ్తరా?”

“తేదీ నాడు మీరే కట్ చేసుకోండ్రి.”

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు తిరగకుండానే, “మా నాయిన అడితి చేసినప్పుడు గీ కంప్యూటర్లు లెవ్వు,” అన్నది.

సంతకాల వేళ ఆ అమ్మాయి నన్ను కొంచెం దూరంగా గోడ పక్క బల్ల మీద కూర్చోమన్నది. అక్కడి నుంచి చూచాను. మా ఆవిడ కలాన్ని గరిటెలాగా గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కొక్క అక్షరాన్నీ తీర్చి రాసింది. ఈసారి ఎక్కడ సంతకం పెట్టాలో ఎవరూ చూపించలేదు. ప్రతి పుటా చదివి వినిపించమన్నది, అర్థం కాని చోట మళ్లీ అడిగింది. వరుసలో ఉన్నవాళ్లు గొణిగితే, “ఆగుండ్రి, నేను మస్తు దినాలు ఆగిన,” అన్నది.

చివరికి ఆ అమ్మాయి నన్ను పిలిచింది. “సార్, ఇక్కడొక సంతకం. అప్పుతోని మీకేం సంబంధం లేదు. సాక్షి అంతే.”

చాలా మంచి మాట అది. అక్షితో, అంటే కంటితో, చూచినవాడు సాక్షి. చూచినందుకు తప్ప మరి దేనికీ బాధ్యుడు కానివాడు. ఆ వ్యుత్పత్తిని ఆ అమ్మాయికి వివరించబోతూ నేను కలం మూత తీశాను. ఇంతలో కిటికీలోంచి బయటికి చూచిన మా ఆవిడ సంచి అందుకొని లేచి నిలబడ్డది.

“ముంగట సంతకం పెట్టు, ఎన్కసీరి చెప్పొచ్చు. జల్దీ! మిద్దె మీద జొన్నలు ఆరబోసి వచ్చిన, మబ్బు పట్టింది.”

నేను సంతకం పెట్టి తల ఎత్తేసరికి ఆమె బ్యాంకు మెట్లు దిగుతూ ఆటోను పిలుస్తున్నది.